కాగితం పూల చెట్టులో ఒక్క కొమ్మ వేరే రంగు తిరిగితే

తిరుపతిలో మా మిద్దె మీద కుండీలో కాగితం పూల చెట్టుంది, రాణి కలర్ పూలు, వీధి వీధినా కనపడే రకమే. రెండేళ్ల కింద దాంట్లో ఒక్క కొమ్మకి మాత్రం ఆకుల అంచు మీగడ రంగు తిరిగింది. అమ్మ చూసి "తెగులేమో, తుంచి పారేయరా" అనింది. తెగులు కాదది, చిగుర్లో ఏదో ఒక కణంలో జీన్ మారింది, దీన్నే బడ్ స్పోర్ట్ అంటారు. ఒకే చెట్టుకి తెల్లపూలు, రాణి రంగు పూలు రెండూ పూసే మేరీ పామర్ నర్సరీల్లో చూసే ఉంటారు, అదీ ఇట్లా ఒక కొమ్మలో పుట్టిందే, దాన్నించి మళ్లీ ఆకుల్లో పసుపు ఉండే తిమ్మా వచ్చింది.

సరే, కొమ్మ కోసి నాటితే కొత్త రకం వచ్చేసినట్టేనా అంటే రాదు. చిగురు కొనలో కణాలు పొరలు పొరలుగా ఉంటాయి, మార్పు ఒక పొరలో, అదీ ఒక పక్కనే ఉండొచ్చు, అప్పుడు ఆ పక్కనుండే కణుపు మొగ్గలోనే కొత్త రంగు ఉంటుంది, అవతలి పక్క మొగ్గ మామూలుదే. నేను పెన్సిల్ లావున, జానెడు పొడవున పన్నెండు ముక్కలు కోసి ఇసుక కలిపిన ఎర్రమట్టిలో గుచ్చితే ఏడు వేరు పట్టాయి. నాలుగు ఉత్త పచ్చవి. ఒకటి పూర్తిగా తెల్లగా చిగురేసింది, చూడ్డానికి ఎంత బాగుందో, కానీ పత్రహరితం లేకుండా అన్నం వండుకునేదెట్లా, పది రోజుల్లో పోయింది. మిగిలిన రెంటికే ఆకు రెండు వైపులా అంచొచ్చింది, మళ్లీ కటింగులు తీసింది ఆ రెంటి నించే.

విత్తనంతో ఈ పని కాదు. మామిడి టెంక నాటితే తల్లి కాయ రాదని అంటు కట్టే చిత్తూరు రైతుకి ఇది చెప్పక్కర్లేదు. కటింగ్ అయినా ఎక్కడ్నించి తీశామన్నది ముఖ్యం, పసుపు అంచుండే స్నేక్ ప్లాంట్ ఆకు ముక్క నాటి చూడండి, పిలక ఉత్త పచ్చగా వస్తుంది, ఎందుకంటే అది లోపలి కణాల్లోంచి పుడుతుంది. అంచు కావాలంటే దుంపతో పాటు పిలకనే విడదీయాలి.

మొక్కల రకాల రక్షణకి, రైతుల హక్కులకి మన దేశంలో ఉన్న 2001 చట్టం ప్రకారం కొత్త రకంగా రిజిస్టర్ కావాలంటే మొక్క వేరేగా కనపడాలి, అన్నీ ఒకేలా ఉండాలి, తరం మారినా గుణం నిలవాలి. ఈ మూడోదే కష్టం. ఇప్పుడు నా దగ్గరున్నవి మూడో విడత మొక్కలు, తొమ్మిది కుండీలు. మొన్న ఒకదాంట్లో మొదలు దగ్గర పచ్చ కొమ్మ లేచింది, పచ్చదనం ఎక్కువ కాబట్టి అది రెట్టింపు జోరుగా పెరుగుతుంది, వదిలితే అంచుండే కొమ్మని మింగేస్తుంది. దాన్ని మొదలంటా తీసేసి, ఆ కుండీ నించి ఈసారి కటింగ్ వద్దని గుర్తుగా ఎర్ర దారం కట్టా.