వేలిముద్ర పడకపోతే తప్పు ఎక్కడుంది?

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

రేషన్ షాపులో ఈపాస్ మిషన్ మీద అవ్వ వేలు పెడితే ఒక్కోసారి ముద్ర పడదు. చేతులు గుడ్డతో తుడిపించి ఇంకో వేలు పెట్టిస్తారు. ఏళ్ళ తరబడి పొలం పని చేసినా, అంట్లు తోమినా వేలి గీతలు అరిగిపోతాయి. చర్మం పొడిబారితే గీత తెగినట్టు కనిపిస్తుంది, తడిగా ఉంటే పక్కపక్క గీతలు అతుక్కుపోతాయి. ఆ తేడాను అంకెల్లో పట్టుకునే పని చాలా ఏళ్ళు చేసిన ఒక ఇంజనీరు ఉన్నారు. ఆమె గురించే ఈ ఉత్తరం.

ఆమె పేరు ఎల్హామ్ తబస్సీ. ఇరాన్‌లో పుట్టి అమెరికా వెళ్ళారు. 1999లో నిస్ట్ అనే ప్రభుత్వ సంస్థలో చేరారు. 1901లో మొదలైన కొలతల సంస్థ అది. మన తూనికలు కొలతల శాఖలాగా జరిమానాలు వేయదు. కొలిచి, ఆ లెక్కను అందరి ముందూ పెడుతుంది.

2004లో ఆమె, సహోద్యోగులు కలిసి వేలిముద్రకు 1 నుంచి 5 దాకా మార్కు వేసే ప్రోగ్రామ్ తెచ్చారు. 1 అంటే మేలు, 5 అంటే నాసి. బొమ్మ కంటికి ఎంత ముచ్చటగా ఉందో ఆ మార్కు చెప్పదు. రేపు పోల్చి చూసినప్పుడు ఈ ముద్ర సరైన మనిషిని పట్టిస్తుందా అన్నదే చెబుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన ఆలోచన ఇదే. నమోదు చేసేటప్పుడే 5 వస్తే, మనిషి ఇంకా ఎదురుగానే ఉంటాడు కనక వేలు తుడిపించి మళ్ళీ తీసుకోవచ్చు. తరవాతి రూపంలో ఈ మార్కును 0 నుంచి 100కి మార్చారు.

పోల్చే మిషన్ రెండు రకాలుగా తప్పు చేస్తుంది. ఒకటి, అవ్వను అవ్వ కాదనడం. రెండు, వేరేవాళ్ళను అవ్వ అనడం. ఎంత పోలిక ఉంటే ఒకరే అనాలో చెప్పే హద్దును బిగిస్తే మొదటి తప్పు పెరుగుతుంది, వదులు చేస్తే రెండోది. అందుకే ఎవరైనా '99 శాతం కచ్చితం' అంటే, ఏ తప్పు, ఏ హద్దు దగ్గర, ఎవరి విషయంలో అని అడగాలి.

ఆ చివరి ప్రశ్న చాలా పెద్దది. 2019లో నిస్ట్ 189 ముఖ గుర్తింపు ప్రోగ్రాములను పరీక్షించింది. వాటిలో చాలా ప్రోగ్రాములు ఇద్దరు వేర్వేరు మనుషులను ఒకరే అని పొరబడటం, తెల్లవాళ్ళ ముఖాల కంటే ఆసియావాళ్ళ, నల్లజాతి అమెరికన్ల ముఖాల విషయంలో 10 నుంచి 100 రెట్లు ఎక్కువ. ఆసియా దేశాల్లో తయారైన కొన్నిటిలో మాత్రం ఆసియా ముఖాలకూ తెల్లవాళ్ళ ముఖాలకూ మధ్య అంత తేడా లేదు. ఏ ఫొటోలతో నేర్పారన్నది ఇందుకు ఒక కారణం కావచ్చు.

2023 జనవరి 26న నిస్ట్ ఏఐ ముప్పులను సంబాళించే మార్గదర్శక చట్రాన్ని విడుదల చేసింది. తబస్సీ ఆ పనికి నాయకత్వం వహించారు. ముసాయిదాల మీద 240కి పైగా సంస్థలు అభిప్రాయాలు పంపాయి. బాధ్యులెవరో తేల్చడం, ఎక్కడ ఎవరి మీద వాడుతున్నారో గుర్తించడం, కొలవడం, కొలిచాక సరిదిద్దడం అని అందులో నాలుగు పనులున్నాయి. పాటించడం ఐచ్ఛికం. అది లోటే, కానీ అందువల్లే కంపెనీలు కూడా ముందుకొచ్చి మాట్లాడాయని నా అభిప్రాయం.

మీరూ ఒకటి కొలిచి చూడండి. ఫోన్‌లో తెలుగు మాటను అక్షరాలుగా మార్చే సౌకర్యం తీసుకోండి. 20 వాక్యాలు రాసుకుని, ఎనిమిది మంది స్నేహితులతోనూ ఇద్దరు పెద్దవాళ్ళతోనూ చెప్పించండి. చదవడం రాని పెద్దవాళ్ళయితే మీరు చెప్పి, వాళ్ళ చేత పలికించండి. ఒక్క మాట తప్పు పడినా ఆ వాక్యం తప్పే. స్నేహితుల 160 వాక్యాల్లో 8, పెద్దవాళ్ళ 40లో 16 తప్పులు వచ్చాయనుకోండి. మొత్తం మీద తప్పు 12 శాతమే. విడిగా చూస్తే స్నేహితులకు 5, పెద్దవాళ్ళకు 40. సగటు ఒక్కటే రాస్తే ఆ 40 కనబడదు.

ఫ్యాను పక్కన కొందరినీ, నిశ్శబ్దంగా ఉన్న గదిలో కొందరినీ కూర్చోబెట్టారంటే తేడా మనిషి వల్లో చప్పుడు వల్లో తేలదు, అందరికీ ఒకే చోటు ఉండాలి. కాగితం మీద తేదీ, ఫోన్ మోడల్ రాయడం మరవకండి. అప్‌డేట్ వచ్చాక అవే వాక్యాలతో మళ్ళీ మొదటి నుంచి కొలవాలి.

ఇట్లు,
మీ తాతయ్య