ఆరో పన్ను మళ్లీ రాదు

దేవరకొండ

మన వాడకట్టు పిల్లలందరికీ తాత ఆశీస్సులు.

మొన్న మీలో ఒక పాపకు బుగ్గ వాచింది. కింది దవడపన్ను పుచ్చి నల్లగా గుంట పడింది. ఇంట్లో పెద్దవాళ్లు "పాలపన్నే కదా, పీకించేద్దాం, కొత్తది వస్తుంది" అన్నారు. చూస్తే అది పాలపన్ను కాదు. పీకేస్తే ఆ చోట ఇంకో పన్ను రాదు. చాలా ఇళ్లలో ఇదే పొరపాటు జరుగుతోంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరు చదివి ఇంట్లోవాళ్లకు చెప్పాలి.

ఒకసారి అద్దం ముందు నిలబడి నోరు బాగా తెరవండి. ముందుపండ్ల నడుమ నుంచి ఒక పక్కకు వేలు పెట్టి లెక్కపెట్టండి. మొదటి ఐదు పాలపండ్లు, లేదా అవి ఊడిన చోట వచ్చిన కొత్తవి. వాటి వెనక ఆరోది, వెడల్పుగా ఉన్న దవడపన్ను, ఆరేళ్ల వయసుకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు. ఏ పన్నూ ఊడకుండానే వెనక ఖాళీ చోట మొలుస్తుంది కాబట్టి అది వచ్చిన సంగతి అమ్మకు కూడా తెలియదు. పాలపండ్లన్నీ 20 ఉంటాయి, ఈ నాలుగూ వాటి లెక్కలోవి కావు. ముసలితనం దాకా అన్నం నమలాల్సినవి. కొత్తగా వచ్చినప్పుడు వీటి మీద లోతైన గీతలుంటాయి. తిన్న బిస్కెట్ అందులో ఇరుక్కుంటుంది, బ్రష్ కుచ్చు అంత లోపలికి పోదు. అందుకే చాలామంది పిల్లల్లో, మళ్లీ రాని పండ్లలో ముందు పుచ్చేది ఇవే. పుచ్చకముందే ఆ గీతలను మూసేసే సీలెంట్ అనే పూత ఉంది. సూది లేదు, నొప్పి లేదు. దవాఖానకు పోయినప్పుడు దీని గురించి తప్పకుండా అడగండి.

ఇక పన్ను లోపల ఏముందో చూద్దాం. కొల్లాపూర్ మామిడిపండు తిన్నాక టెంక పగలగొడితే లోపల మెత్తటి జీడి ఉంటుంది కదా, పన్నులో కూడా అట్లాంటి మెత్తటి భాగం ఒకటి ఉంది. దాన్నే డాక్టర్లు పల్ప్ అంటారు. నరాలు, రక్తనాళాలు అందులోనే ఉంటాయి. దాని చుట్టూ డెంటిన్ అనే గట్టి పొర, అన్నిటికీ పైన ఎనామిల్ అనే పొర. మన ఒంట్లో ఎనామిల్ కన్నా గట్టిది ఏదీ లేదు, ఎముక కూడా దాని తర్వాతే. కానీ విరిగిన ఎముక అతుక్కుంటుంది, పోయిన ఎనామిల్ మళ్లీ పెరగదు.

పిప్పి పన్నులో పురుగు ఉంటుందనీ, పొగ పట్టి తీస్తామనీ చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నమ్మకండి. అక్కడ ఉండేది కంటికి కనపడని బ్యాక్టీరియా. మనం తిన్న తీపిని తిని అది యాసిడ్ తయారుచేస్తుంది, ఆ యాసిడ్ ఎనామిల్‌ను కరిగిస్తుంది. ఒకేసారి నాలుగు చాక్లెట్లు తిని నోరు కడుక్కునే పిల్లాడి కన్నా, పొద్దంతా ఒక్కొక్కటి చప్పరించేవాడి పండ్లే ఎక్కువ పాడవుతాయి.

పుచ్చు ఎనామిల్ దాటి డెంటిన్‌లోకి పోతే చల్లనీళ్లు తాగినప్పుడు జివ్వుమంటుంది. నీళ్లు మింగగానే ఆ జివ్వు పోతుందా? అయితే పల్ప్ ఇంకా బాగానే ఉండి ఉంటుంది. పుచ్చు తీసి ఫిల్లింగ్ పెడితే చాలు. పిల్లల పండ్లకు ఎక్కువగా గ్లాస్ అయానమర్ అనే సిమెంటు వాడతారు. పన్ను రంగులో ఉండే కాంపోజిట్ అయితే నీలం లైటు పెట్టి గట్టిపరుస్తారు. ఆ లైటు చూసి టెన్షన్ పడొద్దు, నొప్పేమీ ఉండదు.

నీళ్లు తాగిన తర్వాత కూడా చాలాసేపు పోటు పెడుతుంటే, రాత్రి పడుకోగానే లేపుతుంటే, పల్ప్ బాగా దెబ్బతిన్నదని అర్థం. ఒంట్లో ఎక్కడైనా వాపు వస్తే చర్మం సాగుతుంది. పన్ను లోపల సాగే చోటు లేదు. ఒత్తిడంతా నరం మీదే పడుతుంది, అందుకే అంత నొప్పి. లవంగం పెడితే కాసేపు ఊరట, అంతే.

ఇప్పుడు చెప్పేది బాగా గుర్తుపెట్టుకోండి. అన్ని రోజులు బాధపెట్టిన పన్ను ఒకనాడు ఉన్నట్టుండి నొప్పి ఆగిపోతుంది. ఇంట్లో అందరూ "తగ్గిపోయింది" అనుకుంటారు. చాలాసార్లు ఆ రోజే లోపల పల్ప్ చచ్చిపోయి ఉంటుంది. తర్వాత వేరు కొసన చీము పడుతుంది, చిగురు మీద చిన్న పొక్కు లేస్తుంది, బుగ్గ ఉబ్బుతుంది. మందుల షాపులో గోళీలు తెచ్చి వేసుకుంటే వాపు దిగుతుంది గానీ పన్ను లోపలి కుళ్లు అట్లాగే ఉంటుంది, మళ్లీ ఉబ్బుతుంది.

దానికి చేసేదే రూట్ కెనాల్. ముందు మొద్దుబారే సూది వేస్తారు. పన్ను పైన చిన్న దారి తెరిచి, పాడైన పల్ప్‌ను ఫైళ్లు అనే సన్నని పనిముట్లతో తీసి, మందు నీళ్లతో కడిగి, ఒక చెట్టు పాల నుంచి తయారయ్యే గట్టాపెర్చా అనే పదార్థంతో వేరులోని ఖాళీని నింపుతారు. తర్వాత దవడపన్నుకు క్యాప్ వేయించుకోవాలి. మనవాళ్లు ఇక్కడే ఆపేస్తారు, నొప్పి లేదు కదా మళ్లీ ఖర్చెందుకని. సంక్రాంతికి సకినం కొరకగానే పన్ను నిలువునా చీలుతుంది, అంత దూరం తిరిగి చేయించుకున్నదంతా వృథా అవుతుంది.

మీ వయసు పిల్లల్లో ఇంకో సంగతి ఉంది. ఆరో పన్ను బయటికి వచ్చాక కూడా దాని వేరు పూర్తవడానికి ఇంకా మూడేళ్ల దాకా పడుతుంది. దాన్ని పెంచేది లోపలున్న పల్పే. అందుకే ఏడెనిమిదేళ్ల పిల్లలు తొందరగా పోతే, డాక్టర్ పైనున్న పాడైన పల్ప్‌ను మాత్రమే తీసి, వేరులోని పల్ప్‌ను బతికించే ప్రయత్నం చేస్తారు. ఆలస్యం చేస్తే ఆ అవకాశం పోతుంది.

అట్లని పాలపండ్లను చులకన చేయకండి. పాల దవడపండ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. ముందే పీకించేస్తే పక్కపండ్లు ఆ చోటులోకి ఒరుగుతాయి, కింది నుంచి వచ్చే పన్ను వంకరగా వస్తుంది. వాటికీ పల్ప్ వైద్యం ఉంది, పైన స్టీల్ క్యాప్ పెడతారు. పన్నుతో పాటే అదీ ఊడిపోతుంది.

మర్రిగూడ, మునుగోడు దిక్కు నుంచి చదివే పిల్లలకు ఒక మాట. మీ పండ్ల మీది పసుపు, గోధుమ మచ్చలు చాలావరకు పుచ్చు కాదు. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన బోర్లలో చాలాచోట్ల అంతకు మించి ఉంది. పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడు తాగిన నీళ్ల వల్ల వచ్చే మచ్చ అది, తోమితే పోదు. ఇటుక పొడితో రుద్దితే ఉన్న ఎనామిల్ కూడా పోతుంది. ఎవరైనా వెక్కిరిస్తే సిగ్గుపడకండి, అందులో మీ తప్పేమీ లేదు. పెద్దయ్యాక కావాలంటే ఆ మచ్చలను కప్పే వైద్యం ఉంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే నల్లా ద్వారా వచ్చే కృష్ణ నీళ్లే తాగించండి, బోరు నీళ్లు వద్దు. పేస్టు శనగగింజంత చాలు, మింగనివ్వొద్దు.

నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో డెంటల్ కాలేజీలున్నాయి. అక్కడ సాధారణంగా బయటికన్నా ఖర్చు తక్కువ. పోయినప్పుడు నొప్పి గురించి డాక్టర్‌కు అమ్మ కాదు, మీరే చెప్పాలి. ఏ పన్ను, చల్లదానికా వేడికా, ఎంతసేపు ఉంటుంది, రాత్రి నిద్ర లేపుతుందా, ఎప్పుడైనా నొప్పి దానంతటదే ఆగిపోయిందా. పీకాలని అంటే "ఇది పాలపన్నా, మళ్లీ రాని పన్నా? పల్ప్ బతికుందా?" అని అడగండి. చిన్నపిల్లలు అడిగారని ఎవరూ ఏమీ అనుకోరు.

ఇట్లు,
మీ తాత