ఆదివారం రాని ఇద్దరికీ పతకాలు

1900 పారిస్ ఒలింపిక్స్ షాట్‌పుట్ ఫలితాల్లో పైకి పెద్ద విశేషమేమీ కనిపించదు. రిచర్డ్ షెల్డన్ 14.10 మీటర్లు, జోసయ్య మెక్రాకెన్ 12.85, రాబర్ట్ గారెట్ 12.37. ముగ్గురూ అమెరికా వాళ్లే. కానీ ఫైనల్ రోజున ఈ ముగ్గురిలో గుండు చేతబట్టింది షెల్డన్ ఒక్కడే. మిగతా ఇద్దరూ అసలు బరిలోకే దిగలేదు. అయినా రెండు, మూడు స్థానాలు వాళ్లవే అయ్యాయి.

గొడవంతా వారం గురించి. ఫైనల్ జులై 15న, ఆదివారం పడింది.

అమెరికాలో అప్పటి పేరున్న కాలేజీలు చాలావరకు చర్చిల నీడలో పెరిగినవే. ప్రిన్స్‌టన్‌ది ప్రెస్బిటేరియన్ సంప్రదాయం, సిరాక్యూస్‌ది మెథడిస్టు సంప్రదాయం. వాళ్లకు ఆదివారమంటే ప్రార్థన, విశ్రాంతి. ఆ రోజు ఆటలు కూడదు. ఫ్రాన్స్‌లో మాత్రం జనం తీరిగ్గా బయటికొచ్చేది ఆదివారమే. నిర్వాహకులు మొదట ఆ రోజే పోటీలు మొదలుపెడదామనుకున్నారు. అమెరికన్లు ససేమిరా అన్నారు. సరేనని ఒకరోజు ముందుకు జరిపితే, ఆ శనివారం కాస్తా జులై 14 అయింది. అది ఫ్రాన్స్ జాతీయ పండగ, జనమంతా వేడుకల దగ్గరే ఉంటారు. చివరికి షాట్‌పుట్ లాంటి వాటికి శనివారం క్వాలిఫయింగ్, ఆదివారం ఫైనల్ అని తేల్చారు. అలా వద్దన్న ఆదివారమే మళ్లీ వచ్చి నెత్తిన కూర్చుంది.

పోటీలు జరిగిన చోటు కూడా స్టేడియం కాదు. పారిస్ బులోన్ అడవిలో ఒక క్లబ్బుకు చెందిన పచ్చిక మైదానం అది. నేల ఎగుడుదిగుడు, పక్కనే చెట్లు. డిస్కస్‌లో (పళ్లెం లాంటి చక్రాన్ని విసిరే పోటీలో) గారెట్ విసిరినవి చెట్లకు తగిలి ఒక్కటీ లెక్కలోకి రాలేదు. గుండుకు ఆ బాధ లేదు. 7.26 కిలోల ఇనుప ముద్దను మెడకు ఆనించి భుజబలంతో ముందుకు నెట్టడమే తప్ప, రాయి విసిరినట్టు విసరడం కుదరదు. అది చెట్ల దాకా పోయేది కాదు.

గారెట్ సామాన్యుడు కాదు. బాల్టిమోర్‌లో బ్యాంకు యజమానుల కుటుంబం, చదువు ప్రిన్స్‌టన్‌లో. 1896 ఏథెన్స్‌లో షాట్‌పుట్ విజేత అతనే, దూరం 11.22 మీటర్లు. డిస్కస్‌లో గ్రీకులను వాళ్ల సొంతగడ్డ మీదే ఓడించిందీ అతనే. అలాంటివాడు టైటిల్ నిలబెట్టుకునే రోజున మైదానానికి రానన్నాడు. మెక్రాకెన్ సంగతి ఇంకా ఆసక్తికరం. అతను చదివిన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆదివారం ఆడాలా వద్దా అన్నది ఆటగాళ్ల ఇష్టానికే వదిలేసింది. ఆడినా అడిగేవాళ్లు లేరు. తన మనసే ఒప్పుకోలేదు.

మరి పతకాలు ఎలా వచ్చాయి? అప్పటి పద్ధతి ప్రకారం క్వాలిఫయింగ్, ఫైనల్ రెండూ ఒకే పోటీలో రెండు భాగాలు. శనివారం సాధించిన దూరం ఆదివారానికీ చెల్లుతుంది. ఆ రోజు బరిలో మిగిలింది షెల్డన్, హంగరీకి చెందిన క్రెటియర్, ఏథెన్స్ డిస్కస్‌లో గారెట్ చేతిలో ఓడిన గ్రీకు వీరుడు పారాస్కెవొపులోస్. ఆ చివరి ఇద్దరూ గారెట్ 12.37ను అందుకోలేకపోయారు. (పతకాలు అంటున్నామే గానీ, ఆ ఏడాది బంగారం, వెండి, కంచు అనే వరస లేదు. ఎక్కువగా కప్పులూ బహుమతులే ఇచ్చారు. పతకాల లెక్క తర్వాత కట్టింది.)

నన్నడిగితే షాట్‌పుట్‌లో ఎవరికీ అన్యాయం జరగలేదు. షెల్డన్ మీటరుకు పైగా ముందున్నాడు, మిగతావాళ్లు వచ్చినా ఆ తేడా పూడ్చడం కష్టమే. అసలు మంట లాంగ్‌జంప్‌లో రేగింది. సిరాక్యూస్ విద్యార్థి మేయర్ ప్రిన్‌స్టీన్ శనివారం 7.175 మీటర్లు దూకి ముందు నిలిచాడు. అతను యూదుడు, ఆదివారంతో అతనికి పట్టింపు లేదు. అయినా కాలేజీ వద్దంది, ఆగిపోయాడు. ఆదివారం పెన్సిల్వేనియా తరఫున ఆడే ఆల్విన్ క్రాంజ్‌లైన్ వచ్చి 7.185 దూకాడు. ఒక్క సెంటీమీటరు! సోమవారం మళ్లీ దూకుదాం రమ్మంటే క్రాంజ్‌లైన్ రానన్నాడు. ప్రిన్‌స్టీన్ అతని మొహం మీద గుద్దాడని కూడా చెప్పుకుంటారు.

సోమవారం, జులై 16న గారెట్ మాత్రం మైదానానికి వచ్చాడు. నిలబడ్డ చోటు నుంచి దూకే ట్రిపుల్‌జంప్‌లో మూడో స్థానం తెచ్చుకున్నాడు. భారత్ ఖాతాలో రాసుకునే నార్మన్ ప్రిచర్డ్ కూడా అదే రోజు 200 మీటర్ల హర్డిల్స్‌లో రెండో స్థానంలో నిలిచాడు.

క్వాలిఫయింగ్ దూరం ఫైనల్‌కు చెల్లే పద్ధతి ఇప్పుడు లేదు. ముందురోజు ఎంత దూరం వేసినా ఫైనల్లో అందరూ సున్నా నుంచే మొదలుపెట్టాలి. ఈ రూలు ఆనాడే ఉండుంటే షాట్‌పుట్‌లో గారెట్, మెక్రాకెన్ ఇద్దరికీ ఉత్త చేతులే మిగిలేవి. పరుగు పందేలకైతే ఆ వెసులుబాటు ఎప్పుడూ లేదు, హీట్స్‌కు (తొలి దశ పరుగులకు) రాకపోతే కథ అక్కడితో సరి. 1924లో ఒలింపిక్స్ మళ్లీ పారిస్‌కే వచ్చాయి. 100 మీటర్ల హీట్స్ మళ్లీ ఆదివారమే పడ్డాయి. స్కాట్లాండ్ కుర్రాడు ఎరిక్ లిడెల్ ఆ పందెం వదులుకుని, 400 మీటర్లలో 47.6 సెకన్లకు స్వర్ణం గెలిచాడు. మరుసటి ఏడాది మిషనరీగా చైనా వెళ్లిపోయాడు. అప్పటికే మెక్రాకెన్ అక్కడ మిషనరీ డాక్టరుగా స్థిరపడి చాలా ఏళ్లయింది.