వేసవిలో గుడ్డు పెంకు ఎందుకు పలచబడుతుంది?

గుంటూరు, విజయవాడల్లో డాబా మీదో పెరట్లోనో నాలుగు పెట్టల్ని పెంచుకోవాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేది, పుంజు లేకపోతే గుడ్లు పెడతాయా అని. పెడతాయి. పిల్లలు కావాలంటేనే పుంజు అవసరం. ఆ తర్వాత ఏ జాతి తేవాలి, గూడు ఎంత ఉండాలి అని తెగ ఆలోచిస్తారు. నన్నడిగితే, కొత్తవాళ్ళు రోజూ గమనించాల్సింది గుడ్డు పెంకు.

ఒక గుడ్డు తయారవడానికి సుమారు 25 గంటలు పడుతుంది. పచ్చసొన చుట్టూ తెల్లసొన, పొరలు చేరడానికి నాలుగైదు గంటలు చాలు. మిగతా 20 గంటలూ పెంకు కట్టడానికే, అదీ ఎక్కువగా రాత్రిపూట. ఒక్క పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. రాత్రి మేత ఉండదు కాబట్టి, చాలనిదాన్ని పెట్ట తన ఎముకల్లోంచే తీసి ఇస్తుంది. దీనికోసమే గుడ్డు పెట్టే వయసుకు దాని కాళ్ళ ఎముకల లోపల ప్రత్యేకంగా కాల్షియం నిల్వ పేరుకుంటుంది. పుంజుకు ఆ నిల్వ ఉండదు.

నూకలు, జొన్నలు, తవుడుతోనే సరిపెడితే తోలుగుడ్లు, అంటే పెంకు గట్టిపడని మెత్తటి గుడ్లు, వచ్చేది అందుకే. వాటిలో కాల్షియం నామమాత్రం. గుడ్ల కోళ్ళ దాణాలో అది 3.5 నుంచి 4 శాతం ఉండాలి. దాణా కొట్లో షెల్ గ్రిట్, అంటే నలగ్గొట్టిన ఆల్చిప్పలు, అడగండి. పొడి కాదు, ముక్కలే తీసుకోండి. ముక్కలు కందనకాయలో ఆగి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతాయి. సాయంత్రం వేరే గిన్నెలో పెడితే ఎంత కావాలో పెట్టే చూసుకుంటుంది. కోడిపిల్లలకు మాత్రం గుడ్ల దాణా పెట్టకూడదు. అంత కాల్షియం వాటి మూత్రపిండాలను పాడుచేస్తుంది.

ఇన్నీ చేసినా మే నెలలో పెంకు పలచబడుతుంది. అప్పుడు గ్రిట్ ఒక్కటే పోస్తే చాలదు, ఎందుకంటే కొరత కాల్షియంది మాత్రమే కాదు. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూ, నీటి ఆవిరితో ఒంట్లో వేడిని బయటికి పంపుతుంది. రొప్పేకొద్దీ రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ కూడా పోతుంది. పెంకు అంటే కాల్షియం కార్బొనేట్. అందులో కార్బొనేట్ తయారవ్వాల్సింది ఆ కార్బన్ డయాక్సైడ్ నుంచే. పైగా ఎండకు మేత కూడా తగ్గిస్తుంది.

32 డిగ్రీలు దాటితేనే పెట్టకు కష్టం మొదలవుతుంది. రోహిణి కార్తెలో మన ఊళ్ళల్లో రేకుల షెడ్డు కింద ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. రేకుల మీద వరిగడ్డి పరిచి తడపాలి, పక్కలు గాలాడేలా వదలాలి. నీళ్ళు కుండలో పోసి నీడన పెట్టి, మధ్యాహ్నం ఇంకోసారి మార్చాలి. తిన్నది అరిగేటప్పుడు కూడా ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి దాణా తెల్లవారుజామున, పొద్దువాలాక పెట్టడం మేలు. ఎండలు లేని రోజుల్లోనూ తోలుగుడ్లు వస్తూ, కోడి మెడ వంకర తిరుగుతుంటే కొక్కెర తెగులు కావచ్చు, పశువైద్యుడికి చూపించాలి.

పెంకు పగలగొట్టాక అందరూ చూసేది సొన రంగు. ఎర్రటి సొన ఉంటే బలమైన గుడ్డు అనుకుంటారు. నిజానికి ఆ రంగు మేతలోంచి వచ్చేదే. మొక్కజొన్న, ఆకుకూరలు పసుపు ఇస్తే, పండుమిరప ఎరుపు ఇస్తుంది. గుంటూరు మిరప పెడితే కోడికి మండదా అంటే, మండదు. మన నోట్లో కారాన్ని పసిగట్టే గ్రాహకం పక్షుల్లోనూ ఉంది గానీ, మిరపలోని క్యాప్సైసిన్‌కు అది స్పందించదు.