మనాలి వెళ్ళే కోనసీమ పిల్లలకు

అమలాపురం,
సంక్రాంతి వెళ్ళిన వారం.

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

పరీక్షలు ముగియగానే, ఏప్రిల్ మొదటి పక్షంలో, మీరంతా కలిసి మనాలి వెళ్ళాలని అనుకుంటున్నట్టు తెలిసి సంతోషించాను. మీరు వేసుకున్న పట్టికను మీ అమ్మలు నాకు చూపించారు. పొద్దున్న బస్సు దిగీ దిగగానే హిడింబ గుడి, మధ్యాహ్నానికి సోలంగ్, సాయంత్రం వశిష్ఠ్, మర్నాడు అటల్ సొరంగం దాటి సిస్సు, తిరిగివస్తూ జోగిని జలపాతం అని రాసుకున్నారు. ఉత్సాహానికి లోటు లేదు గాని, రావులపాలెంలో బయలుదేరి అంతర్వేది చూసుకుని చీకటి పడే లోపల ఇల్లు చేరేవాళ్ళు వేసుకునే పట్టిక ఇది. దూరాలన్నీ కిలోమీటర్లలో ఉన్నాయి, ఎత్తు మాత్రం ఒక్కచోట కూడా లేదు. ఏళ్ళ తరబడి భూగోళం పాఠం చెప్పినవాణ్ణి కనుక నా కన్ను ముందు అక్కడే పడింది.

మన నేల సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో ఉంది. పుట్టి పెరిగిన చోట ఏటిగట్టు, వంతెన తప్ప ఎక్కవలసినదేదీ లేకపోవడం వల్ల దూరం తెలిస్తే ప్రయాణం తెలిసినట్టేనని మనకు అలవాటుగా అనిపిస్తుంది. మనాలి ఊరు సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి అటల్ సొరంగం దక్షిణ ద్వారం 3,060 మీటర్ల దగ్గర, సొరంగం దాటాక వచ్చే సిస్సు కూడా దాదాపు అంతే ఎత్తున ఉన్నాయి. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన ఆ సొరంగం పొడవు 9.02 కిలోమీటర్లు. అది లేని రోజుల్లో 3,978 మీటర్ల రోహ్తంగ్ కనుమ ఎక్కి దిగితే తప్ప అవతలికి చేరలేకపోయేవారు. చలికాలంలో ఆ దారి నెలల తరబడి మంచులో మూసుకుపోయేది. ఇప్పుడు కారులో కూర్చుని చేరిపోవచ్చు. వచ్చిన చిక్కల్లా, కారు ఎంత త్వరగా ఎక్కినా మన ఒంట్లో నెత్తురు, ఊపిరితిత్తులు అంత త్వరగా ఆ ఎత్తుకు అలవాటు పడకపోవడమే. 3,000 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదానిలో సుమారు 70 శాతమే ఉంటుంది కనుక ప్రతి శ్వాసలోనూ అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గిపోతుంది. సుమారు 2,500 మీటర్లు దాటాక కొందరికి తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కండబలం ఉన్నవాడికి రావనేమీ లేదు. కబడ్డీలో కప్పులు తెచ్చినవాడు తల పట్టుకుని కూర్చుంటే, ఎప్పుడూ ఆటస్థలం ముఖం చూడనివాడు హాయిగా తిరగవచ్చు. అటువంటప్పుడు అంతకంటె పైకి వెళ్ళకుండా ఆగిపోవాలి, తగ్గకపోతే కిందికి దిగాలి. నడక తడబడుతున్నా, మాట తేడాగా ఉన్నా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం తగ్గకపోయినా క్షణం ఆలస్యం చేయకుండా దింపి వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళాలి. తలనొప్పి వచ్చినవాడు మిగతావాళ్ళ సరదా పాడవుతుందని దాచిపెట్టకుండా ఉండాలంటే, చెప్పినవాణ్ణి ఎవరూ వెక్కిరించకూడదని ముందే మాట అనుకోండి.

కాబట్టి సిస్సును రెండో రోజు నుంచి తీసి నాలుగో రోజుకు మార్చండి. దిగిన రోజున ఊళ్ళోనే ఉండి, భోజనం చేసి, దేవదారు చెట్ల మధ్య హిడింబ గుడి దాకా మెల్లగా నడిచి వస్తే చాలు. 1553లో కట్టిన ఆ గుడికి మన గుళ్ళ వలె రాతి గోపురం ఉండదు, చెక్కతో అంచెలంచెలుగా లేచిన కప్పు ఉంటుంది. తొందరపడకుండా చూడవలసిన కట్టడం అది.

ఇక నడక లెక్క. విలియం నైస్మిత్ అనే స్కాట్లాండు పర్వతారోహకుడు 1892లో చెప్పిన సూత్రం ఒకటి ఈనాటికీ పనికి వస్తోంది. ప్రతి అయిదు కిలోమీటర్లకు ఒక గంట వేసుకుని, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట కలపాలి. ఏటిగట్టు మీద ఆరు కిలోమీటర్లు మీరు గంటా పన్నెండు నిమిషాల్లో నడుస్తారు. అదే ఆరు కిలోమీటర్లలో 600 మీటర్లు ఎక్కవలసి వస్తే రెండు గంటలా పన్నెండు నిమిషాలు. అది కూడా కొండ అలవాటున్నవాళ్ళ లెక్క; మొదటిసారి వెళ్ళే మీరు దానికి మరో సగం కలుపుకోండి. దిగడానికి సమయం పట్టదని అనుకోవద్దు. ఎక్కేటప్పుడు ఊపిరి అలుస్తుంది, దిగేటప్పుడు తొడలూ మోకాళ్ళూ అలుస్తాయి, కాలు జారేది ఎక్కువగా అప్పుడే.

వసంతంలో మరొక గడియారం కూడా చూసుకోవాలి. తెల్లవారుజామున గట్టిగా ఉన్న మంచు ఎండ ఎక్కేకొద్దీ మెత్తబడి, మధ్యాహ్నానికి కాలు దిగబడేలా అవుతుంది. వాలుల మీద నుంచి మంచు విరిగి జారేది కూడా ఎక్కువగా ఆ వేళకే. ఏప్రిల్లో సైతం పడమటి నుంచి వచ్చే వాతావరణ అలజడుల వల్ల ఊళ్ళో వాన, పైన మంచు కురిసే రోజులుంటాయి. అందువల్ల కొండ మీది పని ఏదైనా పొద్దున్నే మొదలుపెట్టి రెండింటికల్లా తిరిగివచ్చేలా చూసుకోండి, వాతావరణ శాఖ సూచనను ముందు రోజు రాత్రి తప్పక చదవండి. రోహ్తంగ్ కనుమ మామూలుగా మే నెలకు ముందు తెరుచుకోదు, తెరిచాక కూడా ముందుగా అనుమతి తీసుకోవాలి. మీ పట్టికలో ప్రశ్నార్థకం పెట్టి రాసుకున్న ఆ పేరును కొట్టేయండి.

ఇప్పుడు రాయబోయేది నన్ను అన్నిటికంటె ఎక్కువ కలవరపెడుతున్న విషయం. మీలో చాలామందికి కాలువలో ఈత వచ్చు, నీళ్ళంటే భయం లేదు. ఇక్కడ అది మంచి గుణమే గాని అక్కడ అదే ప్రమాదం. మన గోదావరి ధవళేశ్వరం నుంచి సముద్రం చేరేలోగా దిగే ఎత్తు ఇరవై మీటర్లు కూడా ఉండదు. బియాస్ నది మనాలి నుంచి కులూ దాకా, నలభై కిలోమీటర్లలోనే, దాదాపు 750 మీటర్లు దిగుతుంది. అటువంటి వాలులో మోకాలి లోతు నీరు కూడా మనిషిని నిలవనివ్వదు. పడినవాడికి రాళ్ళు తగులుతాయి, మంచు కరిగిన నీటి చలికి ఊపిరి పట్టేసి చేతులు కాసేపటిలోనే మొద్దుబారిపోతాయి, ఈత వచ్చినా రాకపోయినా ఒకటే. పైగా మనకు వరద ముందే చెప్పి వస్తుంది. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక ఇచ్చారని తెలిశాక లంకల్లో వాళ్ళు పశువులను గట్టుకు తోలుకుని సామాను సర్దుకునే వ్యవధి ఉంటుంది. కొండవాగులో ఆ వ్యవధి ఉండదు. దాళ్వా (రెండో పంట) కోతల వేళకు మన కాలువలు కట్టేసి అడుగు కనిపించే రోజుల్లోనే అక్కడ మంచు కరిగి ఏరులు పెరుగుతుంటాయి. ఉదయం చీలమండ తడిపిన వాగు సాయంత్రానికి మోకాలు దాటవచ్చు.

దీనికి తోడు ఆనకట్టలున్నాయి. 2014 జూన్ 8వ తేదీ సాయంత్రం, మనాలికి వెళ్ళే దారిలోనే, మండి జిల్లాలో, విహారయాత్రకు వచ్చిన హైదరాబాదు ఇంజినీరింగు విద్యార్థులు బియాస్ ఒడ్డు రాళ్ళ మీదికి దిగి ఫోటోలు తీసుకుంటుండగా, ఎగువనున్న లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీరు ఒక్కసారిగా వచ్చిపడి 24 మంది పిల్లలను తీసుకుపోయింది. మీరు అప్పుడు చాలా చిన్నవాళ్ళు, మీకు గుర్తుండదు; తెలుగు ఇళ్ళల్లో ఆ వారమంతా టీవీల ముందు నుంచి ఎవరూ లేవలేకపోయారు. ఆ పిల్లలు తుంటరితనం చేశారని నేను అనను. ఎండిన రాళ్ళు, అందమైన ఏరు, పక్కనే బస్సు ఉంటే ఎవరమైనా దిగేవాళ్ళమే. అందుకే మీకు నియమం పెడుతున్నాను: నది ఒడ్డు రాళ్ళ మీదికి, నదిలోని తిన్నెల మీదికి ఎవరూ దిగరాదు, ఫోటోలు రోడ్డు మీద నుంచో వంతెన మీద నుంచో తీసుకోవాలి. పట్టికలో మార్చకూడనిది ఏదైనా ఉంటే ఇదొక్కటే.

తెప్పల మీద బియాస్‌లో పోవాలనే కోరిక మీకుందని తెలుసు. కులూ దగ్గర పిర్డి నుంచి నడిపిస్తారు. ప్రభుత్వ పర్యాటక శాఖలో నమోదైన నిర్వాహకుడేనా అని అడిగి కాగితం చూడండి, లైఫ్ జాకెట్టు, హెల్మెట్టు మీ ఒంటికి సరిగ్గా సరిపోయేవి ఇస్తేనే ఎక్కండి, ఆ రోజు నీరు ఎక్కువగా ఉందని వాళ్ళే వద్దంటే బతిమాలకండి. సోలంగ్‌లో గాలిలో ఎగిరే పారాగ్లైడింగ్‌కూ ఇదే మాట. అడగడానికి మొహమాటపడేవాడు ఎగరడానికి కూడా మొహమాటపడితే మంచిది. నిజంగా కొండ ఎక్కడం నేర్చుకోవాలని ఎవరికైనా ఉంటే, 1961లో మొదలైన పర్వతారోహణ సంస్థ మనాలిలోనే ఉంది. వాజపేయి పేరు పెట్టిన ఆ ప్రభుత్వ సంస్థ నేర్పే కోర్సుల గురించి కనుక్కోండి. ఆ 2014లోనే, మే 25న, నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. భువనగిరి బండ మీద మొదలుపెట్టి, డార్జిలింగులో నేర్చుకుని, ఒక్కో మెట్టూ సాధన చేసిన తరవాతే ఆమెను అక్కడికి పంపారు.

సాధన మాట వచ్చింది కనుక, ఇప్పటి నుంచి రెండున్నర నెలల సమయం ఉంది. గట్టు మీద సైకిలు తొక్కితే దమ్ము పెరుగుతుంది గాని దిగే కండరాలకు పని పడదు. కోరుకొండ నరసింహస్వామి గుడి నిటారు మెట్లున్నాయి, అన్నవరం మెట్లున్నాయి. పదిహేను రోజులకొకసారి సంచి తగిలించుకుని ఎక్కి, అంతకంటె ముఖ్యంగా నడిచి దిగండి. దర్శనం పుణ్యం కూడా దక్కుతుంది, మీ నాయనమ్మలు అభ్యంతరం చెప్పరు. పట్టున్న అడుగు ఉన్న బూట్లు ఈ నెలలోనే కొని రోజూ తొడుక్కోండి. ప్రయాణానికి ముందు రోజు కొన్న బూట్లు మొదటి రోజే మడమలు బొబ్బలెక్కిస్తాయి.

బట్టల విషయంలో మనవాళ్ళు చేసేది ఒక్క లావుపాటి స్వెట్టరు కొనడం. ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది కనుక ఎత్తు వల్లనే మనాలి మనకంటె పదమూడు డిగ్రీలు చల్లన. ఎండలో నడిస్తే చెమట పడుతుంది, నీడకు రాగానే వణుకు పుడుతుంది. పల్చటివి రెండు మూడు ఒకదాని మీద ఒకటి వేసుకుని, తీస్తూ వేస్తూ ఉండాలి, పైన గాలీ వానా ఆపే కోటు ఉండాలి. నూలు బట్ట తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. చలిగా ఉందని ఎండను మరిచిపోవద్దు. ఎత్తుకు పోయేకొద్దీ అతినీలలోహిత కిరణాలు వెయ్యి మీటర్లకు పది శాతం చొప్పున పెరుగుతాయి, కొత్తగా పడిన మంచు వాటిలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. మంచులోకి వెళ్ళే రోజు నల్లకళ్ళద్దాలు అలంకారం అనుకోకండి, కళ్ళకు కాపలా అవి.

ప్రయాణం సంగతి త్వరగా చెప్పేస్తాను. రాజమహేంద్రవరం నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, అక్కడి నుంచి రాత్రి బస్సు. రైలు టిక్కెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు మాత్రమే ఇస్తున్నారు కనుక ఏప్రిల్ మొదటి వారానికి ఫిబ్రవరి మొదటి వారంలోనే రిజర్వేషన్ చేయించాలి. బస్సు మలుపుల్లో కడుపులో తిప్పేవాళ్ళు ముందు వరుసల్లో కూర్చోండి, బయలుదేరే ముందు పెరుగన్నం పట్టించకండి. ఇద్దరు పెద్దవాళ్ళు తోడు ఉండాలి. డబ్బు ఒక్కరి దగ్గరే ఉంచవద్దు. తిండికి ఇబ్బంది లేదు. సిడ్డు అని గోధుమపిండిలో పూర్ణం కూరి ఆవిరిమీద ఉడికించి నెయ్యితో పెడతారు, ఆవకాయ సీసా తెరిచే ముందు ఒకసారి తినిచూడండి. దారి పొడుగునా యాపిల్ తోటలు పూతమీద ఉంటాయి. చలికాలమంతా చలి తింటే తప్ప పూయని చెట్టు కనుక మన దొడ్లో పెంచే ఆశ పెట్టుకోకండి, ఎవరి కొమ్మా విరవకండి.

పట్టికను తిరగరాసి పంపండి. ప్రతి ఊరి పక్కన దాని ఎత్తు, ఆ రోజు ఎక్కే మీటర్లు, బయలుదేరే వేళ, తిరిగి చేరే వేళ ఉండాలి. చివర ఒక రోజు ఏమీ రాయకుండా వదిలేయండి. వాన వల్ల తప్పిపోయినదేదైనా ఆ రోజు చూసుకోవచ్చు. ఈఏపీసెట్ (మన పాత ఎంసెట్) ఉందని గొణుగుతున్న నాన్నలతో మాట్లాడే పని నాకు వదిలిపెట్టండి. రిజర్వేషన్ తెరిచేలోగా కాగితం నాకు చేరితే, పెన్సిలుతో దిద్ది మర్నాడే తిరిగి పంపుతాను.

ఇట్లు,
మీ తాతయ్య