బీడీలు చుట్టే చేతుల నొప్పి: అపోహలు - వాస్తవాలు

నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి జిల్లాల్లో ఇంటిపట్టున బీడీలు చేసే ఆడవాళ్లకు కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. "పని తగ్గించండి" అంటే కూలి తగ్గించుకోమన్నట్టే. తగ్గించాల్సింది వేళ్ల మీద పడే బలం.

అపోహ: బీడీ ఎంత బరువుంటుందని చేతులు పాడవుతాయి?

ఆకు కత్తిరించాలి, తంబాకు పరిచి చుట్టాలి, కొసలు మడవాలి, దారం కట్టాలి. రోజుకు 800 చేసినా బొటనవేలు, చూపుడువేలు కొన్ని వేలసార్లు నొక్కుతాయి. వేళ్ల కొనలతో పట్టే పట్టుకు పిడికిలి బలంలో సుమారు నాలుగో వంతే ఉంటుంది. ఒకే కదలిక 30 సెకన్లలోపు మళ్లీ మళ్లీ వస్తుంటే అదే ఒక ముప్పు. దానికి బలం, వంచిన మణికట్టు తోడైతే ముప్పు ఎన్నో రెట్లవుతుంది.

అపోహ: కత్తెర ఏదైనా ఒకటే.

అస్సలు కాదు. మొద్దు కత్తెరతో ప్రతి కోతకూ గట్టిగా నొక్కాలి, ఇనుప రింగు బొటనవేలి పక్క నరాన్ని ఒత్తుతుంది. సాన పట్టించండి, రింగులకు మెత్తటి గుడ్డ చుట్టండి. నడిమి మర మరీ బిగుతుగా ఉంటే కాస్త వదులు చేసి చుక్క నూనె వేయండి. తునికాకు సరిగా నానకపోయినా ఇదే బాధ: కోతకు బిరుసు, చుట్టేటప్పుడు పగులు, మళ్లీ ఇంకో ఆకు. నానిన ఆకును తడిగుడ్డలోనే ఉంచి కొన్ని కొన్ని తీసుకోండి.

అపోహ: తిమ్మిరంటే రక్తం తక్కువ, బలం మాత్రలు చాలు.

ఏ వేళ్లో చూడండి. బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్లు తిమ్మిరెక్కి, రాత్రి మెలకువ వచ్చి చెయ్యి విదిలిస్తే తగ్గుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందని అనుమానించాలి. చిటికెన వేలైతే మోచేతి దగ్గర నరం నొక్కుకుపోతోందేమో చూడాలి. మోచేయి మోకాలికి ఆనించి పనిచేసే అలవాటు మానాలి. షుగర్, థైరాయిడ్ లోపం, గర్భం ఉన్నవాళ్లకు మణికట్టు ముప్పు ఎక్కువ.

అపోహ: మధ్యాహ్నం గంట పడుకుంటే సరిపోతుంది.

50 బీడీలకోసారి ఒక్క నిమిషం వేళ్లు బాగా చాపి వదలడం అంతకన్నా మేలు.

అపోహ: పట్టీ బిగించుకుని పని చేసుకోవచ్చు.

బిగిస్తే నరం ఇంకా నలుగుతుంది. మణికట్టును నిటారుగా ఉంచే పట్టీ రాత్రి నిద్రలో, వదులుగా వేసుకోవాలి. వస్తువులు చేజారుతున్నా, బొటనవేలి కింది కండ చిక్కినా పట్టీలతో కాలయాపన చేయకుండా ఎముకల డాక్టరుకు చూపించండి.