మంచె దిగిన నెలలు

చిరంజీవులు చిన్నీకి, బాబుకి తాతయ్య ఆశీస్సులు.

సెలవుల్లో హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లీన్స్ వెళ్తూ మిసిసిపీ నది వెంట చూసిన పొగ గొట్టాల గురించి చిన్నీ ఫోనులో అడిగిన మాట రెండు రోజులుగా నా మనసులో తిరుగుతూనే ఉంది. "కరోనా రోజుల్లో వీటిని సరిగా తనిఖీ చెయ్యలేదని నాన్న చెప్పారు, నిజమేనా తాతయ్యా?" అన్నావు. చాలావరకు నిజమేనమ్మా. కరోనా వల్ల కర్మాగారాలు తమ పొగను, మురుగునీటిని కొలిచి లెక్కలు పంపలేకపోతే జరిమానా అడగబోమని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2020 మార్చి 26న ప్రకటించింది. ఆ సడలింపు ఆగస్టు 31 దాకా నడిచింది. విషం వదలవచ్చని అందులో లేదు; కొలవకపోయినా ఊరుకుంటామని ఉంది.

అది ఎంత పెద్ద మాటో తలుచుకుంటే నాకు మా జొన్నచేను గుర్తుకొస్తుంది. నా పదేళ్ల వయసులో, కంకి పాలు పోసుకునే రోజుల్లో, మా నాన్నగారు నన్ను మంచె ఎక్కించి చేతికి వడిసెల ఇచ్చేవారు. నేను రాయి విసిరింది తక్కువే. లేచి నిలబడి కేక వేస్తే చాలు, మనిషి ఉన్నాడని తెలిసి పిట్టల గుంపు పక్కకు మళ్లేది. ఒక ఏడాది ఇంటిల్లిపాదీ జ్వరాలతో మంచాన పడి, వారం రోజులు మంచె ఖాళీగా ఉండిపోయింది. తిరిగి వెళ్లేసరికి దూరానికి చేను నిండుగానే కనిపించింది. నాన్నగారు ఒక కంకి వంచి గింజను గోటితో నొక్కితే పొట్టు చిట్లింది, లోపల ఏమీ లేదు. ఏ మూల ఎంత పోయిందో చెప్పగలిగేవారు లేరు. గింజ గట్టిపడ్డాక అయితే ఇంత నష్టం ఉండేది కాదని, కాపలా తప్పకూడని వారంలోనే తప్పిందని అంటూ ఆయన చాలాసేపు గట్టు మీదే కూర్చున్నారు.

కరోనా రోజుల్లో మనుషుల ఊపిరితిత్తులు ఆ పాలకంకుల్లాగే ఉన్నాయి. పొగతో పాటు వచ్చే, వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉండే సన్నని ధూళి ఊపిరితిత్తుల అట్టడుగు దాకా దిగి, అక్కడ వాపు కలిగించి, రోగంతో పోరాడే శక్తిని తగ్గిస్తుంది. అమెరికాలో మన జిల్లాల్లాంటి కౌంటీలు 3,000కు పైగా తీసుకుని వాటి లెక్కలు చూసిన హార్వర్డ్ పరిశోధకులు, ఏళ్ల తరబడి పీల్చిన గాలిలో ఈ ధూళి ఘనపు మీటరుకు ఒక్క మైక్రోగ్రాము ఎక్కువున్న చోట కరోనా మరణాల రేటు 11 శాతం ఎక్కువగా ఉందని 2020లోనే రాశారు. మీరు చూసిన ఆ గొట్టాల దారికి జనం క్యాన్సర్ సందు అని పేరు పెట్టుకున్నారు. అక్కడ కౌంటీని పారిష్ అంటారు. వాటిలో ఒకటైన సెయింట్ జాన్ ద బాప్టిస్ట్ పారిష్, ఆ ఏప్రిల్‌లో జనాభా లెక్కన దేశంలో కరోనా మరణాలు అత్యధికంగా ఉన్న చోట్లలో ఒకటి. పేదరికం, పాత జబ్బులు కూడా అందుకు కారణాలే కనుక మొత్తం పొగ మీదికే నెట్టడం న్యాయం కాదు. తనిఖీకి వెళ్లేవారికీ రోగం అంటుతుందన్న భయంలోనూ అర్థం ఉంది. అయినా, ఆ నెలల్లో మా ఇంటి వెనక గొట్టం ఎంత వదిలిందని అక్కడి తల్లి ఎవరైనా అడిగితే, కొలతే తియ్యని చోట చూపించడానికి కాగితం ఉండదు కదా! నాకు బాధ అక్కడే.

రేపు ఉదయం కిటికీలోంచి పడే ఎండపట్టె పక్కన ఇద్దరూ కదలకుండా కూర్చోండి. తేలుతూ మెరిసే నలుసులు కనిపిస్తాయి. అవి పెద్దవి, నేను చెప్పిన ధూళి వాటి మధ్యనే ఉన్నా విడిగా కంటికి ఆనదు. తరువాత నాన్న ఫోనులో మీ ఊరి గాలి కొలత చూసి, ఆ అంకెను, ఆ పూట గాలి ఏ దిక్కు నుంచి వీచిందో కలిపి క్యాలెండరులో రాయండి. నెల నిండాక ఆ కాగితం నాకు పంపండి.

మీ తాతయ్య